పిల్లల లూపస్ వ్యాధి - ప్రేగులలోని సూక్ష్మజీవులు

బడికి పోవు పండ్రెండేండ్ల బాలికకు కొన్ని వారములుగా సన్నని జ్వరము వచ్చుచుండును. ఉదయము లేచునప్పటికి వ్రేళ్ల కీళ్లు పట్టివేసినట్లుండును. ఎండలో నడచి వచ్చినచో రెండు బుగ్గలును, నడుమ ముక్కుదూలమును ఎర్రబారును. తలవెండ్రుకలు రాలును. ఇంటివారు ఎండదెబ్బ అనియో, రక్తము తక్కువైనదనియో తలతురు. కొన్నాళ్లకు కండ్ల క్రింద, పాదములపై నీరు చేరును. అప్పుడు మూత్రమును పరీక్షింపగా దానిలో మాంసకృత్తులును, రక్తకణములును కానవచ్చును. మూత్రపిండములు దెబ్బతినుట అప్పటికే ఆరంభమైనదన్నమాట. పిల్లలలో లూపస్ అను వ్యాధి తరచుగా బయటపడు తీరు ఇది.

ఈ వ్యాధిలో శత్రువు వెలుపలినుండి వచ్చినది కాదు. రోగక్రిములనుండి మనలను కాపాడవలసిన రక్షణవ్యవస్థయే దారి తప్పి, సొంత జీవకణముల కేంద్రకములలోని పదార్థములను పరాయివిగా ఎంచి, వాటికి ప్రతిరక్షకములను తయారుచేయును. ఈ ప్రతిరక్షకములు ఆ పదార్థములతో జతగూడి, రక్తముతోపాటు తిరిగి, మూత్రపిండములలోని సన్నని వడపోత నాళములలో చిక్కుకొని వాపును కలిగించును. లూపస్ రోగులలో నూటికి 10 నుండి 20 మందికి వ్యాధి బాల్యమునందో, కౌమారమునందో మొదలగును. మూత్రపిండములు చెడుట పెద్దలలోకంటె పిల్లలలో ఎక్కువ.

రక్షణవ్యవస్థ ఏల దారి తప్పును? ఇటీవలి కాలమున శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానమును చాలమంది ఊహింపని చోట, అనగా ప్రేగులలో వెదకుచున్నారు. ఈ అన్వేషణ వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర గలదు. ఆ చరిత్రలో ఒకప్పుడు వైద్యలోకము తొందరపడి ప్రేగులను నిందించి పొరపడినది కూడ. కావున నేటి ఫలితములను తూచి చూడవలెనన్నచో ఆ పాత కథను తెలిసికొనుట అవసరము.

తోడేలు పేరు గల వ్యాధి

లాటిన్ భాషలో లూపస్ అనగా తోడేలు. ముఖమును కొరికివేసినట్లు పుండ్లు చేయు పలు వ్యాధులకు మధ్యయుగములలో ఐరోపా వైద్యులు ఈ పేరు వాడిరి. చర్మమునకు వచ్చు క్షయ కూడ అందులో చేరియుండెను. 1851లో పారిస్ వైద్యుడు కజెనావ్ ఎర్రని మచ్చలతో కూడిన ఒక రకమును వేరుచేసి, ‘లూపస్ ఎరిథిమాటోసస్’ అని నేడు మనము వాడుచున్న పేరునకు మూలము వేసెను. వియన్నా నగరమున హెబ్రా బుగ్గలపై మచ్చను రెక్కలు విప్పిన సీతాకోకచిలుకతో పోల్చెను. 1872లో అతని శిష్యుడు కపోసి, ఈ వ్యాధి చర్మముతో ఆగక జ్వరమును, కీళ్లనొప్పులను కలిగించి ప్రాణమునకే ముప్పు తేగలదని వ్రాసెను. 1895 మొదలు ఆస్లర్ అను వైద్యుడు గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు కూడ దీనికి లోబడునని చూపెను.

ఇంతవరకు తెలిసినది లక్షణములు మాత్రమే. కారణము జాడ మొదట దొరకినది 1948లో. అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్గ్రేవ్స్, అతని సహచరులు లూపస్ రోగుల ఎముకమూలుగను సూక్ష్మదర్శినిలో చూచుచుండగా, ఒక తెల్లకణము మరియొక కణముయొక్క కేంద్రకమును మ్రింగియుండుట కనబడెను. రోగి రక్తములోని ఏదో పదార్థము కేంద్రకములను ఇట్లు మ్రింగించుచున్నదని తేలెను. ఆ పదార్థము ప్రతిరక్షకమే. 1957లో పలు ప్రయోగశాలలు, లూపస్ రోగుల రక్తములో డి.ఎన్.ఏ.కు సైతము ప్రతిరక్షకములున్నవని వేరువేరుగా ప్రకటించినవి.

ఈ సంగతిని నమ్ముటకు పండితులు మొదట సంశయించిరి. 1901లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిచ్, శరీరము తన్ను తాను విషపరచుకొనకుండ జాగ్రత్తపడునని సిద్ధాంతీకరించియుండెను. అతని మాటను చాలమంది ‘అట్లు జరుగుట అసాధ్యము’ అని అర్థము చేసికొనిరి. లూపస్ ఆ అర్థము తప్పని నిరూపించినది.

ప్రేగులపై మోపిన నేరము

రెండవ కథ పసిపిల్లలతోనే ఆరంభమైనది. 1885లో మ్యూనిక్ నగరమున థియొడార్ ఎషెరిక్ అను శిశువైద్యుడు పుట్టిన శిశువుల మలమును దినదినము పరీక్షించెను. పుట్టిన వెంటనే వచ్చు మలములో క్రిములు దాదాపు కనబడవనియు, కొలది గంటలలోనే అవి వచ్చి చేరుననియు అతడు గమనించెను. అతడు వేరుచేసిన క్రిమియే నేడు ఎషెరీషియా కోలై అను పేరుతో పాఠ్యపుస్తకములలో కనబడుచున్నది. తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో టిస్సియే తల్లిపాలు త్రాగు శిశువుల మలములో బిఫిడోబాక్టీరియాను కనుగొనెను. మన ప్రేగులు క్రిములకు నివాసమనియు, ఆ నివాసము పుట్టుకతో ఆరంభమగుననియు ఇట్లు తెలిసినది.

అదే పాశ్చర్ సంస్థలోని మెచ్నికాఫ్, పెద్దప్రేగులో క్రుళ్లించు క్రిములు విషములను పుట్టించుననియు, ముసలితనమునకు అవి ఒక కారణమనియు వాదించెను. బల్గేరియా రైతులు పులిసిన పాలు త్రాగి దీర్ఘాయువు పొందుచున్నారని అతడు నమ్మెను. ఎర్లిచ్, మెచ్నికాఫ్ లిద్దరును 1908లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. శరీరము తన్ను తాను ఎట్లు కాపాడుకొనునని ఆలోచించినవాడు ఒకడు. ప్రేగులలోని క్రిములను తలచినవాడు మరియొకడు. ఆ రెండు ఆలోచనలు ఒకచోట కలియుటకు నూరేండ్లు పట్టునని నాడు ఎవరును ఊహించియుండరు.

మెచ్నికాఫ్ ఊహను కొందరు నిరూపింపబడిన సత్యముగా స్వీకరించిరి. లండన్ శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్, మలబద్ధకముతో పాటు మరి అనేక రుగ్మతలకు ప్రేగులలోని విషములే మూలమని చెప్పి, రోగుల పెద్దప్రేగులను కోసి తీసివేసెను. ఆ విషమేదో, ఏ క్రిమి పుట్టించునో, దానిని తొలగించినచో రోగము తగ్గునో లేదో ఎవరును నిర్ధారించలేదు. 1913లో లండన్ వైద్యసంఘమున జరిగిన చర్చలో ఈ సిద్ధాంతమును పలువురు ఖండించిరి. క్రమముగా అది మూలబడెను. దానితో పాటు ప్రేగులకును రోగములకును గల సంబంధమును గూర్చి మాటలాడుటయే చాలకాలము చిన్నతనముగా ఉండెను.

క్రిములు లేని చిట్టెలుకలు

ప్రశ్నను సరిగా అడుగుటకు ఒక ఉపాయము కావలసియుండెను. అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున రైనియర్స్ అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతముననుండి ఆ ఉపాయమును సిద్ధపరచుచు వచ్చెను. గాలిని వడగట్టి, ఆహారమును నీటిని కాచి శుద్ధిచేసి, మూతపడిన పెట్టెలలో జంతువులను పెంచు పద్ధతి అది. ఇట్టి జంతువుల ప్రేగులలో ఒక్క క్రిమియు ఉండదు. తరువాత మనము కోరిన క్రిమిని మాత్రమే ప్రవేశపెట్టి, ఏమి జరుగునో చూడవచ్చును. మెచ్నికాఫ్‌కును, లేన్‌కును లేనిది ఈ సాధనమే.

ఇంతలో న్యూజీలాండులోని డునెడిన్ నగరమున బీల్‌షౌస్కీ అను శాస్త్రజ్ఞురాలు పెంచిన నల్లచిట్టెలుకల వంశములో, అవి తమ ఎర్రకణములను తామే నాశనము చేసికొనుచున్నవని 1959లో తెలిసెను. 1963లో ఈ నల్లవాటిని తెల్లవాటితో సంకరపరచి పుట్టించిన పిల్లలకు మానవుల లూపస్‌ను పోలిన మూత్రపిండ వ్యాధి వచ్చునని అక్కడివారే ప్రకటించిరి. మనిషిపై చేయరాని ప్రయోగములకు ఇట్లు ఒక నమూనా దొరకినది.

ఈ రెండు సాధనములు కలిసినవి. నల్లచిట్టెలుకలను క్రిములు లేకుండ పెంచినను కేంద్రకములకు వ్యతిరేకమైన ప్రతిరక్షకములు తగ్గలేదు. మూత్రపిండ వ్యాధి మాత్రము తేలికపడెను. 1999లో ప్రకటింపబడిన పరిశోధనలో మరియొక లూపస్ వంశపు చిట్టెలుకలను క్రిములు లేకుండ పెంచినను, మామూలు మేత పెట్టినంతకాలము వ్యాధి తగ్గలేదు. మేతను కూడ వడగట్టి, అందలి రక్షణవ్యవస్థను రేపు పదార్థములను తీసివేసినప్పుడే మూత్రపిండములకు ఉపశమనము కలిగెను. అనగా వ్యాధికి బీజము జన్యువులలోనే గలదు. క్రిములు, ఆహారము ఆ బీజమునకు నీరు పోయుచుండవచ్చును. ప్రేగులే మూలమన్న పాత మాటకంటె ఇది చిన్నమాట. కాని ప్రయోగముపై నిలిచిన మాట.

క్రిముల జాబితా

మనిషి శరీరములో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నవని 2016లో చేసిన గణన తెలుపుచున్నది. వీటిలో అధికభాగము పెద్దప్రేగులోనే ఉన్నవి. చాలవాటిని గాజుపళ్లెములలో పెంచుట కష్టము. కాని ప్రతి బాక్టీరియాలోను రైబోసోముకు సంబంధించిన ఒక జన్యువు ఉండును. అది జాతిజాతికి కొంచెముగా మారును. దానిని చదివినచో క్రిమిని పెంచకయే దాని కులగోత్రములను చెప్పవచ్చును. 1977లో వోస్ చేసిన పరిశోధన ఈ మార్గమునకు పునాది.

ఈ పద్ధతితో 2014లో స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు, వ్యాధి అణగియున్న 20 మంది లూపస్ రోగులను, 20 మంది ఆరోగ్యవంతులను పోల్చిరి. ప్రేగులలోని రెండు పెద్ద బాక్టీరియా వర్గముల నిష్పత్తి రోగులలో మారియుండెను. 2019లో న్యూయార్క్ పరిశోధకులు 61 మంది లూపస్ స్త్రీలను పరీక్షించి, రుమినోకాకస్ నేవస్ అను క్రిమి ఆరోగ్యవంతులలోకంటె వారిలో సగటున అయిదురెట్లు అధికముగా ఉన్నదనియు, మూత్రపిండ వ్యాధి గలవారిలో మిక్కిలి ఎక్కువగా ఉన్నదనియు ప్రకటించిరి.

ఇక్కడ ఒక్కక్షణము ఆగవలెను. రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి మరియొకదానికి కారణము కానేరదు. క్రిమి పెరిగి వ్యాధి కలిగినదా? వ్యాధి వలన క్రిమి పెరిగినదా? లేక రోగి వాడిన మందుల వలన రెండును మారినవా? జాబితా ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పదు.

గోడ దాటుట, పోలికతో మోసపోవుట

కారణమును చూపవలెనన్నచో మార్గమును చూపవలెను. ఇటీవలి ప్రయోగములు మూడు మార్గములను సూచించినవి.

మొదటిది గోడ దాటుట. ప్రేగు లోపలి పొర మందము ఒకే కణము. 2018లో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, లూపస్ వంశపు చిట్టెలుకలలో ఎంటెరోకాకస్ గాలినేరం అను క్రిమి ఈ పొరను దాటి కాలేయమునకు చేరుచున్నదనియు, అక్కడ ప్రతిరక్షకముల తయారీని రేపుచున్నదనియు కనుగొనిరి. ఆ క్రిమిని చంపు మందు ఇచ్చినను, దానికి ప్రత్యేకమైన టీకా వేసినను వ్యాధి తగ్గెను. కొందరు లూపస్ రోగుల కాలేయపు తునకలలోను ఆ క్రిమి జాడ కనబడెను.

రెండవది పోలిక. మన కణములలో రో అను మాంసకృత్తు గలదు. 1969లో ఒక లూపస్ రోగి రక్తము సహాయమున ఇది బయటపడినది. ఇది అతిప్రాచీనమైన మాంసకృత్తు. కొన్ని బాక్టీరియాలలోను దీని బంధువులు ఉన్నవి. బాక్టీరియాలోని రో-ను ఎదిరించుట నేర్చిన రక్షణకణము, పోలిక వలన మన రో-ను సైతము ఎదిరింపవచ్చును. 2018లోనే ఇట్టి బంధువు గల ఒక ప్రేగు క్రిమిని, క్రిములు లేని చిట్టెలుకలలో ప్రవేశపెట్టగా వాటిలో రో-కు ప్రతిరక్షకములు పుట్టెను.

ఈ రో కథ పిల్లలకు మిక్కిలి దగ్గరది. తల్లి రక్తములోని రో ప్రతిరక్షకములు మాయ ద్వారా గర్భస్థశిశువును చేరును. కొందరు శిశువులకు చర్మముపై మచ్చలు వచ్చి, తల్లి ప్రతిరక్షకములు క్షీణించిన కొలది నెలలకు అవియే మాయమగును. ఇట్టి తల్లుల బిడ్డలలో నూటికి ఇద్దరికి మాత్రము గుండెలోని విద్యుత్ మార్గము దెబ్బతిని, గుండె మెల్లగా కొట్టుకొనును. ఆ లోపము జీవితాంతము ఉండును.

మూడవది జిగురు. ఎషెరిక్ కనుగొన్న క్రిమియు, దాని బంధువు సాల్మొనెల్లాయు కర్లీ అను పోగులను పుట్టించి గుంపులుగా అతుకుకొని జీవించును. ఈ పోగులలో బాక్టీరియా డి.ఎన్.ఏ. చిక్కుకొని ఉండును. 2015లో ఈ కర్లీ, డి.ఎన్.ఏ. ముద్దను లూపస్ వంశపు చిట్టెలుకలలో ఎక్కింపగా డి.ఎన్.ఏ.కు ప్రతిరక్షకములు శీఘ్రముగా పెరిగెను. 1957లో మొదట కనబడినవి ఇట్టి ప్రతిరక్షకములే.

పిల్లల సంగతి వేరు

పైన చెప్పిన మానవ పరీక్షలు పెద్దలపై జరిగినవి. వాటి ఫలితములను పిల్లలకు అట్లే అన్వయించుట తగదు. శిశువు ప్రేగులలోని క్రిముల కూటమి పుట్టుక విధమును, పాలను, ఆహారమును బట్టి మారుచు, సుమారు మూడేండ్ల వయసునకు పెద్దల రూపమునకు దగ్గరపడును. రక్షణవ్యవస్థ తనవారెవరో, పరాయివారెవరో నేర్చుకొను కాలము కూడ అదియే.

వంశపారంపర్యము పాత్ర సైతము పిల్లలలో బలమైనది. డి.ఎన్.ఏ. శిథిలములను ఊడ్చివేయు ఒక ఎన్‌జైము జన్యువు చెడిన అరబ్ కుటుంబములలో, బాల్యముననే లూపస్ వచ్చుట 2011లో తెలిసినది. ఇట్టి బిడ్డకు ప్రేగు క్రిములు అగ్నిలో ఆజ్యము కావచ్చునేమో కాని, అగ్ని వేరొకచోట పుట్టినది.

యౌవనము మరియొక ముడి. అంతకు పూర్వము లూపస్ విషయమున ఆడ, మగ పిల్లల తేడా తక్కువ. యౌవనము దాటిన పిమ్మట ఒక్క పురుషునికి తొమ్మండుగురు స్త్రీల వంతున వ్యాధి కనబడును. దీనికి హార్మోనులు, జన్యువులు కారణములని చెప్పుదురు. క్రిముల పాలు కూడ ఉండునా? 2013లో టొరాంటో శాస్త్రజ్ఞులు, మధుమేహము వచ్చు వంశపు చిట్టెలుకలలో మగవాటి ప్రేగు క్రిములను పసి ఆడవాటికి ఇచ్చి, వాటి హార్మోనులు మారి మధుమేహము తగ్గుట చూచిరి. అది లూపస్ కాదు. అయినను ప్రశ్నను అడుగదగినదిగా చేసినది.

పిల్లలలో ఈ వ్యాధి అరుదగుటచే ఒకచోట ఎక్కువమంది దొరకరు. దొరకిన పిల్లలు అప్పటికే స్టీరాయిడ్లు, ఆంటీబయోటిక్ మందులు వాడుచుందురు. ఆ మందులే ప్రేగు క్రిములను మార్చును. కావున పిల్లలలో కారణమును తేల్చుట ఇంకను మిగిలియున్న పని.

మజ్జిగయు, మందును

వ్యాధికిని ప్రేగు క్రిములకును సంబంధమున్నదని వినగానే, పెరుగు, మజ్జిగ ఇచ్చినచో చాలదా అని ఇంటివారు అడుగుదురు. ప్రయోగములే ఇందుకు సమాధానము. పెరుగులోని వానికి బంధువులగు లాక్టోబాసిలస్ క్రిములను లూపస్ వంశపు చిట్టెలుకలకు ఇచ్చినప్పుడు ఆడవాటిలో మూత్రపిండ వ్యాధి తగ్గినదని 2017లో ఒక పరిశోధక బృందము ప్రకటించెను. మామూలు మగవాటిలో ఆ మేలు కనబడలేదు. 2019లో మరియొక వంశపు చిట్టెలుకలలో, ఆ మిశ్రమములోనే ఉండిన లాక్టోబాసిలస్ ర్యూటెరీ వ్యాధిని పెంచినది. సులభముగా జీర్ణముకాని పిండిపదార్థమును మేతలో కలిపినప్పుడు అది అణగినది. ఒక వంశములో మిత్రుడు మరియొక వంశములో శత్రువైనప్పుడు, ఒక బిడ్డ విషయమున ముందుగా ఎట్లు చెప్పగలము? 2022లో చైనా వైద్యులు ఆరోగ్యవంతుల మలములోని క్రిములను గొట్టపుమాత్రలుగా 20 మంది లూపస్ రోగులకు ఇచ్చి కొంత మేలు చూచిరి. కాని వారితో పోల్చుటకు వేరొక వర్గము లేదు. పిల్లలకు ఇంకను అది వైద్యము కాదు.

మందుల కథ ఇందుకు భిన్నమైనది. మేయో క్లినిక్‌లోనే హెంచ్ 1949లో కార్టిజోన్ ప్రభావమును కీళ్లవాతమునందు ప్రకటించెను. లూపస్‌కు సైతము అది శీఘ్రముగా ఉపయోగమునకు వచ్చెను. 1955లో అమెరికాలో 99 మంది రోగులను గూర్చి ప్రకటించిన లెక్కలో, నాలుగేండ్లు బ్రతికినవారు సుమారు సగము మంది. నేడు మంచి వైద్యము అందిన పిల్లలలో నూటికి 90 మందికి మించి అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. మలేరియా మందుల సంతతికి చెందిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇందులో ముఖ్యమైనది. కీళ్లవాపు గల కొందరికి ఇచ్చు మెథోట్రెక్సేట్, భీమవరమున జన్మించి 1948లో మరణించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినది.

వ్యాధి మూలము ప్రేగులలో ఉన్నదట అను మాట విని మాత్రలను మానివేసినచో నష్టపోవునది బిడ్డ మూత్రపిండములు. నొప్పి లేకుండగనే అవి చెడును; చెడిన భాగము తిరిగి రాదు. బిడ్డకు మజ్జిగ అన్నము పెట్టుటకు అభ్యంతరము లేదు. అది మందునకు బదులు మాత్రము కాదు. మాత్రలను వేళకు వాడుట, ఎండనుండి కాపాడుకొనుట, మూత్రమును నియమముగా పరీక్షించుట - ఇవి నేటికిని మానరానివి.

ఇక కావలసినది వ్యాధి వచ్చిన పిమ్మట కాక, రాకముందునుండియు పిల్లలను గమనించు పరిశోధన. లూపస్ గల తల్లుల బిడ్డలు, రోగుల తోబుట్టువులు మొదలైనవారి ప్రేగు క్రిములను ఏండ్లతరబడి పరీక్షించుచు వచ్చినచో, ముందు మారినది క్రిములో, రక్తములోని ప్రతిరక్షకములో తెలియును. ఎషెరిక్ పుట్టిన శిశువులను దినదినము చూచి నేర్చినట్లే, ఇచ్చటను ఓపికగా పసితనమునుండి చూచుటయే మార్గము.